ఓస్లో వచ్చాక నాటికలు రాయలేకపోతున్నాను

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఓస్లో వచ్చి రెండు నెలలైంది. ఊళ్లో ఉండగా పరిషత్తులకి నాటికలు రాసేవాణ్ణి. ఇక్కడ ఒక్క సీనూ కదలట్లేదు. ఊరు వదిలేస్తే రాత కూడా పోతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, మాది నర్సాపురం. పంటు మీద గోదారి దాటితే మీ వైపే. ముందు ఈ ఆదివారం రాజభవనం పార్కు పక్కనున్న, నార్వే నాటక రచయిత ఇబ్సెన్ ఇంటికి వెళ్లిరా. 1906లో పోయేదాకా ఆయన ఉన్న ఇల్లది, ఇప్పుడు మ్యూజియం.

ఇక్కడ ఎటు చూసినా ఆయన పేరే గానీ, 36వ ఏట, 1864లో, ఈ దేశం వదిలి వెళ్లిపోయిన మనిషాయన. అప్పటికే ఆయన పనిచేసిన థియేటర్ దివాలా తీసింది. ఇటలీలో, జర్మనీలో 27 ఏళ్లు ఉన్నాడు. పేరు తెచ్చిన నాటకాలు చాలావరకు అక్కడే రాశాడు, తన భాషలోనే, తనవాళ్ల గురించే. 'ఘోస్ట్స్' 1881లో ఇటలీలో రాసిందే. తెర లేచేసరికి మాత్రం కిటికీ అవతల నార్వే వాన, ముసురు. నాకు ధైర్యమిచ్చింది ఆ కిటికీయే.

ఇంకో సంగతి. ఆయన నాటకం 'డాల్స్ హౌస్' జర్మనీలో ఆడేటప్పుడు, పిల్లల్ని వదిలి వెళ్లే తల్లిగా చెయ్యనని నటి పట్టుబట్టింది. వేరేవాళ్లు మార్చేలోపు తనే మార్చడం నయమని ఇంకో ముగింపు రాసిచ్చాడు. అది నాటకానికి జరిగిన దారుణమని తర్వాత తనే అన్నాడు. నాకూ ఒకసారి, పండగపూట ఏడుపెందుకు, ముగింపు మార్చమన్నారు. మార్చాను. చప్పట్లు బాగానే పడ్డాయి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు మార్చకు.

అమ్మతో ఫోన్ మాట్లాడాక ఆవిడ మాట ఒక్కటి, అన్నది అన్నట్టే రాసిపెట్టుకో. మొన్న మా అమ్మ "గోదారికి ఎర్రనీళ్లొచ్చాయిరా, పంటు ఆపేశారు" అంది. అంతే, రేవు మొత్తం కళ్లముందుకొచ్చింది. గట్టు మీద ఆగిపోయిన పెళ్లివారు, తడుస్తున్న అరటిగెలలు, అవతలి ఒడ్డుకి కేకేస్తున్న మనిషి. ఆ రాత్రే సీను రాశాను.

శనివారాలు మా ఇంట్లో నలుగురం కూర్చుని రాసినవి పైకి చదువుకుంటాం. మాట ఎక్కడ తేలిపోతోందో చెవికే తెలుస్తుంది. సగం సీనైనా సరే, పట్టుకురా. భోజనం మా ఇంట్లోనే.