వెనక బ్రేక్ డ్రమ్ము ఊడి రావడం లేదు: సుత్తా, పుల్లరా, వేడా?

ఇసుకబాట:
బండి పాత సుజుకి ఎస్‌జె 413. చాలాకాలంగా కదల్లేదు. వెనక లైనర్లు (బ్రేకు వేసినప్పుడు డ్రమ్ముకు రాసుకునే పొరలు) మార్చాలి. కుడి డ్రమ్ము సులభంగానే వచ్చింది, ఎడమది మొరాయిస్తోంది. చక్రం తీశాను, హ్యాండ్ బ్రేక్ వదిలాను, గేరు న్యూట్రల్‌లో ఉంది. చేత్తో తిప్పితే కాస్త రాసుకుంటూ తిరుగుతోంది గానీ బయటికి వెంట్రుకంత కూడా జరగడం లేదు. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, సుత్తితో అంచు చుట్టూ కొట్టాను. డ్రమ్ము ముఖం మీద ఎదురెదురుగా రెండు చిన్న మరల రంధ్రాలు ఉన్నాయి, తుప్పుతో పూడిపోయాయి. పెద్ద సుత్తి అందుకోవాలా, పుల్లర్ (బిగుసుకున్న భాగాన్ని లాగి తీసే పనిముట్టు) పెట్టాలా, వేడి చేయాలా?

నాలుగుచక్రాలు:
అంచు మీద కొట్టడం వెంటనే ఆపండి. డ్రమ్ము పోత ఇనుము. వంగదు, పగులుతుంది. అంచు పెచ్చు లేచిందంటే ఆ డ్రమ్ము ఇక పనికిరాదు.

ఏ పనిముట్టు వాడాలనేది తర్వాత. ఎక్కడ పట్టేసిందో ముందు తేల్చుకోవాలి. అసలు తిరగకపోతే లైనర్లు తుప్పుతో డ్రమ్ముకు అంటుకున్నట్టో, హ్యాండ్ బ్రేక్ కేబుల్ లోపల బిగుసుకున్నట్టో లెక్క. తిరుగుతూ, కొన్ని మిల్లీమీటర్లు బయటికొచ్చి టక్కున ఆగితే లోపలి గట్టు (డ్రమ్ములో అరగకుండా మిగిలిన అంచు) షూలకు (లైనర్లను మోసే వంపు ముక్కలు) తగులుతోంది. మీది తిరుగుతోంది, బయటికి అసలు జరగడం లేదు. అంటే నడిమి రంధ్రం దగ్గర యాక్సిల్ (ఇరుసు) కొసనున్న పళ్ళెం లాంటి ఫ్లాంజికీ డ్రమ్ముకూ మధ్య తుప్పు పట్టేసింది. అక్కడ సందు చాలా తక్కువ. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది కాబట్టి ఆ కాస్త సందూ మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది.

ఆ రెండు రంధ్రాలు మీ పని కోసమే పెట్టారు. 8 మి.మీ. బోల్టు, 1.25 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మి.మీ.లో). ముందు అదే సైజు ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) మరలు శుభ్రం చేయండి. తుప్పు మీదే బోల్టు ఎక్కిస్తే మరలు చెడిపోతాయి, ఉన్న ఒక్క సులువైన దారీ మూసుకుపోతుంది. తల దాకా మరలున్న 40 మి.మీ. బోల్టులు రెండు తీసుకుని, మరలకూ మొనకూ గ్రీజు రాయండి.

ఆయిల్ పడాల్సింది నడిమి రంధ్రం చుట్టూ ఉన్న గీతలోనూ, 5 స్టడ్ల (చక్రం బిగించే బోల్టుల) మొదట్లోనూ. చుక్కలు చుక్కలుగా మూడు నాలుగు సార్లు వేసి రాత్రంతా వదిలేయండి. ధారగా కొడితే లోపలికి జారి లైనర్లను తడుపుతుంది. మీరు లైనర్లు ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి సరే, లేకపోతే మంచి లైనర్లు పాడయ్యేవి.

మర్నాడు రెండు బోల్టులూ చేత్తో తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒకదానికి పావు చుట్టు, రెండోదానికి పావు చుట్టు. గట్టిపడ్డాక ఆపి, కిలో సుత్తితో స్టడ్ల మధ్య చదునైన ముఖం మీద కొట్టండి. మధ్యలో ఇత్తడి ముక్కో గట్టి చెక్కో పెట్టి, చుట్టూ తిరుగుతూ కొట్టాలి. మళ్ళీ పావు చుట్టు. తుప్పు పట్టును వదిలించేది దెబ్బ అదురు, బోల్టు ఆ వదిలినదాన్ని తోస్తుంది. బోల్టు ఒక్కటే నమ్ముకుని పొడవాటి రాడ్డుతో తిప్పితే మరలు ఊడతాయి లేదా డ్రమ్ము ముఖం పగులుతుంది. పట్టు వదిలినప్పుడు తెలిసిపోతుంది: ఖంగుమనే మోత మొద్దుబారుతుంది, నడిమి రంధ్రం చుట్టూ ఎర్రటి పొడి రాలి సన్నటి గీత కనిపిస్తుంది.

తుప్పువైరి:
పై సలహా సరైనదే. వేడి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. ఆయిలూ బోల్టులూ విఫలమైతేనే ఆ దారి. వేడి డ్రమ్ముకు తగలాలి, యాక్సిల్‌కు కాదు. డ్రమ్ము వ్యాకోచించి వదలాలంటే మధ్య భాగం చల్లగా ఉండాలి. నడిమి రంధ్రం చుట్టూ మంట కదిలిస్తూ వేడెక్కించండి, ఎర్రబారే దాకా వెళ్ళొద్దు. లోపల ఆయిల్ సీలూ, వీల్ సిలిండర్ (షూలను బయటికి నెట్టే భాగం) రబ్బర్లూ ఉన్నాయి, అవి మాడతాయి. నీళ్ళు పోసి చల్లబరచడం అసలు వద్దు, పోత ఇనుము చీలుతుంది. ఇంకోటి, ముందుగా బ్రేక్ క్లీనర్ కొట్టి ఉంటే మంట జోలికి పోకండి. క్లోరిన్ ఉన్న క్లీనర్లు వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. అసిటోన్ కలిపిన ఆయిల్ వాడినా మంట వద్దు, భగ్గుమంటుంది.

మూడు కాళ్ళ పుల్లర్ అయితే కాళ్ళు వెనక అంచుకు పడతాయి కాబట్టి ఓ మోస్తరుగా బిగించి, సుత్తితో ముఖం మీద తట్టండి. అంతకు మించి లాగితే అంచే విరుగుతుంది.

బురదమిత్ర:
వేరే బండ్లవాళ్ళు ఇది చదివి ఇలాగే చేయబోతారేమో, అందుకే రెండు ముక్కలు. ల్యాండ్ రోవర్ సిరీస్ బండ్లలో డ్రమ్మును మూడు మునిగే తల స్క్రూలు పట్టి ఉంచుతాయి. బురద కింద కనపడవు, వాటిని మరిచి గంటలు గంటలు కొట్టేవాళ్ళున్నారు. మామూలు స్క్రూడ్రైవర్‌తో తలలు అరుగుతాయి, సుత్తి దెబ్బకు తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడాలి. ఆ బండ్లలో హ్యాండ్ బ్రేక్ ట్రాన్స్‌ఫర్ బాక్సు (ముందు, వెనక యాక్సిళ్ళకు శక్తిని పంచే పెట్టె) వెనక ఉంటుంది. ఒక్క వెనక చక్రం లేపితే డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్లు) వల్ల అది బండిని ఆపదు. మిగతా చక్రాలకు దిమ్మలు పెట్టకుండా జాకీ వేయొద్దు.

పాత జీపుల్లో కొన్నింటికి వెనక యాక్సిల్ కొస ఏటవాలుగా ఉండి, గాడిలో దూరే తాళం ముక్కతో (కీ) హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) బిగిసి ఉంటుంది. అక్కడ హబ్బూ డ్రమ్మూ కలిసే వస్తాయి, గట్టి హబ్బు పుల్లర్ తప్పదు. యాక్సిల్ నట్టును పూర్తిగా తీయకండి, రెండు మూడు చుట్లు వదులు చేసి ఉంచండి. ఏటవాలు పట్టు వదిలినప్పుడు హబ్బు తూటాలా ఎగిరొస్తుంది. యాక్సిల్ కొసను సుత్తితో కొడితే లోపల బేరింగులు దెబ్బతింటాయి.

ఇసుకబాట:
నాలుగుచక్రాలు గారూ, సరిగ్గా చెప్పారు. రాత్రంతా ఆయిల్, పావు చుట్లు, ఇత్తడి ముక్క. ఎర్రపొడి రాలి డ్రమ్ము 6 మి.మీ. బయటికొచ్చింది. ఇప్పుడు అక్కడే ఆగింది. లాగితే స్ప్రింగులా వెనక్కి పోతోంది.

నాలుగుచక్రాలు:
స్ప్రింగులా వెనక్కి పోతే అది గట్టే. లైనరు తాకిన మేర డ్రమ్ము అరిగింది, తాకని చోట పాత వ్యాసం మిగిలి మెట్టులా నిలిచింది. షూలు ఆ మెట్టుకు కొక్కెంలా తగులుతున్నాయి. ఇక్కడ బోల్టులు బిగించొద్దు, షూ పిన్నులు వంగుతాయి. షూలు లోపలికి ముడుచుకోవాలి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ సర్దుబాటు నట్టు పూర్తిగా వదులు చేయండి. బ్లీడర్ నిపిల్‌కు (బ్రేకు ద్రవాన్నీ గాలినీ వదిలే చిన్న మర) గొట్టం పెట్టి అర చుట్టు విప్పండి, లోపల ఒత్తిడి చిక్కుకుని ఉంటే పోతుంది. తర్వాత డ్రమ్మును లోపలికి నెట్టి, కొంచెం తిప్పి, సమంగా లాగండి. పైనా కిందా మార్చి మార్చి ఊపుతూ ఉంటే షూలు కొద్దికొద్దిగా ముడుచుకుంటాయి.

అప్పటికీ రాకపోతే బ్యాక్ ప్లేటు (షూలు బిగించి ఉండే రేకు) వెనక షూలను పట్టుకునే రెండు పిన్నుల తలలు కనపడతాయి. వాటిని ఉలితో నరికేయండి. షూలతో సహా డ్రమ్ము వచ్చేస్తుంది. పిన్నులూ స్ప్రింగులూ కొత్తవి వేసుకోవాలి, అవి చిన్న వస్తువులు. డ్రమ్ము పగలడం కంటే నయం.

తుప్పువైరి:
ఊడాక లోపలి దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి, గుడ్డతో తుడిచి, సంచిలో కట్టి పారేయండి. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు లేపి చూడండి, తడి ఉంటే సిలిండర్ కారుతోందన్నమాట. గట్టును లేత్ మీద తీయించండి. గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే పోతలో ఉంటుంది, అది దాటితే కొత్త డ్రమ్మే. లైనర్లు రెండు వైపులా మార్చాలి, లేకపోతే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది.

బిగించేముందు ఫ్లాంజి అంచునూ డ్రమ్ము నడిమి రంధ్రాన్నీ వైర్ బ్రష్‌తో మెరిసేలా రుద్ది, రాగి గ్రీజు పల్చగా రాయండి. వేలికి అంటేంత చాలు. లైనర్ల వైపు మరక కూడా పడకూడదు. ఆ రెండు మరల రంధ్రాల్లోనూ కాస్త గ్రీజు నింపండి. నిపిల్ విప్పారు కాబట్టి బ్రేకు గొట్టాల్లోని గాలి తీయడం మరవొద్దు.