2019లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ అమ్మాలి: సెట్టుగానా, విడి పార్టులుగానా? రేటెంత చెప్పాలి?

హన్మకొండ_డెస్క్:

నమస్తే అండీ. ఇంట్లో వాడిన డెస్క్‌టాప్ అమ్ముదామనుకుంటున్నా. కాన్ఫిగరేషన్ ఇదీ: ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, బీ365 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1650 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), 22 అంగుళాల ఐపీఎస్ మానిటర్. 600 వీఏ యూపీఎస్ కూడా ఉంది. బిల్లు భద్రంగా ఉంది, అప్పట్లో మొత్తం 54,000 అయింది.

ఎక్స్ఛేంజ్ అడిగితే ఒక షాపులో 11,000 అన్నారు. ఆన్‌లైన్లో చూస్తే ఇలాంటివే 28,000, 30,000 పెట్టి ఉన్నాయి. ఈ రెంటిలో ఏది నిజం? ఏడాదికింత శాతం తగ్గించుకుంటూ లెక్కేయాలా? విడగొట్టి అమ్మితే ఎక్కువొస్తుందా?

పార్క్‌లేన్_పాతకాపు:

శాతాల లెక్క పక్కన పెట్టేయండి. కొనేవాడికి మీ 54,000తో పనిలేదు. అదే డబ్బుకి ఇవాళ తనకి ఇంకేం దొరుకుతుందో చూసుకుంటాడు. మీ సెట్టుకి పోటీ రెండు వైపుల నుంచి ఉంది. పైన కొత్త ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్: నాలుగు కోర్లే అయినా మీ ఆరు కోర్ల 9400ఎఫ్ కంటే చాలా పనుల్లో ముందుంటుంది, పైగా కొత్త వారంటీ. కింద కంపెనీల ఆఫీసుల నుంచి లాట్లుగా వచ్చే 8వ, 9వ తరం ఐ5 బ్రాండెడ్ పీసీలు: సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో ఇవి ఎప్పుడూ ఉంటాయి. మీ రేటు ఈ రెంటికీ మధ్యలో పడాలి. ఆఫీసు పీసీకి లేనిది మీ దగ్గరున్నది గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే, దాన్నిబట్టే పైకి అడగగలరు.

ఆన్‌లైన్లో కనిపించే 28,000 అడిగిన రేటు, అమ్ముడైన రేటు కాదు. నెలనుంచి కదలకుండా ఉన్న యాడ్‌ని కొలతగా తీసుకోకండి. అడిగిన రేటుకీ చివరికి తెగేదానికీ నూటికి పది, ఇరవై తేడా మామూలే.

నా అంచనా ఇదీ. ప్రాసెసర్ 4,000. బోర్డు 3,000, ఎందుకంటే ప్రాసెసర్ల కంటే బోర్డులే ముందు పోతాయి, ఈ సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కొత్త బోర్డు దొరకడం తగ్గింది, అందుకే పాత బోర్డుకి గిరాకీ. కార్డు 5,500. ఎస్ఎస్‌డీ 900, హార్డ్ డిస్క్ 800, ఎస్ఎంపీఎస్ 900, క్యాబినెట్ 700, మానిటర్ 3,200. ఇవి 19,000. ర్యామ్ సంగతి వేరు. 2025 చివరి నుంచి మెమరీ చిప్పులు ఏఐ సర్వర్ల వైపు మళ్లడంతో ర్యామ్ రేట్లు ఒక్కసారిగా పెరిగాయి, ఇంకా నిలకడ లేదు. యాడ్ పెట్టే రోజున కొత్త 8 జీబీ స్టిక్కు రేటు చూసి అందులో 60 శాతం వేసుకోండి. మీ రెంటికీ కలిపి 4,000 అనుకున్నా మొత్తం 23,000.

సెట్టుగా ఇస్తే ఇందులోంచి పది, పదిహేను శాతం తగ్గించాలి. 22,500 పెట్టి, 20,000 దగ్గర తెంచండి. షాపువాడి 11,000 మరీ అన్యాయం కాదు: అతను టెస్టింగు చూసుకోవాలి, వారంటీ ఇవ్వాలి, నెలలు నిలవ ఉంచుకోవాలి. కానీ మీకు రెండు వారాలు ఆగే ఓపికుంటే ఆ రేటుకి ఇవ్వనక్కర్లేదు.

సాకెట్_1151:

పైన చెప్పిన రేట్లు హైదరాబాద్‌లో సరే. హన్మకొండలో విడి పార్టులకి కొనేవాళ్లు తక్కువ. ప్రాసెసర్ ఒకడికి, క్యాబినెట్ ఒకడికి అమ్మేసరికి చివర్లో ఎస్ఎంపీఎస్, డబ్బా మీ దగ్గరే మిగిలిపోతాయి. నా ఓటు సెట్టుకే.

విడగొట్టాలనే ఉంటే వరస ముఖ్యం. మీది ఎఫ్ మోడల్, అంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు. కార్డుకే అందరికంటే ముందు ఫోన్లొస్తాయి. అది కాస్తా ఇచ్చేశారంటే బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా డిస్‌ప్లే రాదు, ఇక మిగతా ఏదీ పనిచేస్తోందని చూపించలేరు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి ఒక కాంబోగా ముందు అమ్మండి, కార్డు ఆఖరున. ఈ సాకెట్‌లో పిన్నులు బోర్డు మీద ఉంటాయి. ప్రాసెసర్ తీసి బోర్డు విడిగా ఇచ్చేటప్పుడు సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టాలి. అది లేకపోతే ప్రాసెసర్‌తోనే ఇవ్వండి. ఒక్క పిన్ను వంగినా ర్యామ్ స్లాటొకటి పనిచేయదు, లేదా అసలు ఆన్ కాదు. అప్పుడు తప్పు ఎవరిదని తేలదు.

కార్డుకి విడిగా 6 పిన్ పవర్ కేబుల్ పెట్టారా లేదా చూడండి. 1650కి 75 వాట్లే కాబట్టి కేబుల్ అక్కర్లేని మోడళ్లు ఉన్నాయి. మీది అలాంటిదే అయితే యాడ్‌లో మొదటి లైన్లో రాయండి. ఆఫీసు పీసీ కొని గేములాడుకుందామనుకునే పిల్లలు సరిగ్గా దానికోసమే వెతుకుతుంటారు, వాళ్ల ఎస్ఎంపీఎస్‌లో ఆ కేబుల్ ఉండదు.

యూపీఎస్‌ని రేటులో కలపకండి. లోపలుండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకి అయిపోతుంది, ఉబ్బి కూడా ఉండొచ్చు. కీబోర్డు, మౌస్, యూపీఎస్ పక్కన పెట్టుకోండి. బేరం 500 దగ్గర ఆగిపోయినప్పుడు రేటు తగ్గించే బదులు అవి ఇవ్వొచ్చు.

మెమ్‌టెస్ట్_మాస్టారు:

రేటు నిలబెట్టేది రుజువు. "గుడ్ కండిషన్, నో ప్రాబ్లం" అని ప్రతి యాడ్‌లోనూ ఉంటుంది, దానికి విలువ లేదు.

ముందు దుమ్ము దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే విపరీతమైన స్పీడుతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయుంటే మార్చండి, కానీ ఇంటెల్ స్టాక్ కూలర్ తెల్ల ప్లాస్టిక్ పిన్నులు ఇన్నేళ్లకి పెళుసుబారి ఉంటాయి. బాణం గుర్తువైపు తిప్పి, మెల్లిగా పైకి లాగాలి. ఒక్కటి విరిగితే కూలర్ ఒక మూల లేస్తుంది, టెంపరేచర్ వంద దాకా పోతుంది.

తర్వాత డిస్క్ ఎలా ఉందో చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ నడపండి. హార్డ్ డిస్క్‌లో 05, సీ5, సీ6 అనే మూడు వరసల రా వాల్యూ సున్నా ఉండాలి. సీ5లో అంకె ఉంటే చదవలేకపోతున్న సెక్టార్లు ఉన్నట్టు. అలాంటి డిస్క్‌ని డబ్బుకి అమ్మకండి, లోపం ఉందని చెప్పి ఉచితంగా ఇవ్వండి లేదా తీసేయండి. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌తో నాలుగు పాసులు, రాత్రి పెట్టి వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కులు విడివిడిగా పెట్టి చూడాలి. ముందు కాంటాక్టులు రబ్బరుతో తుడిచి చూడండి, చాలాసార్లు అంతే ఉంటుంది. కార్డు మీద పూర్తి లోడు పెట్టే ఫర్‌మార్క్ టెస్టు పదిహేను నిమిషాలు: చుక్కలు, గళ్లు కనిపించకూడదు. మానిటర్ మీద ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, నలుపు ఫుల్ స్క్రీన్ పెట్టి డెడ్ పిక్సెల్ చూడండి.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్ మార్చండి. కొద్దిపాటి రూపాయల పని. కానీ తప్పు తేదీ చూసిన కొనేవాడు బోర్డే పోయిందనుకుని 2,000 తగ్గించమంటాడు.

ఫోటోల్లో వెనక పోర్టులు, ఎస్ఎంపీఎస్ స్టిక్కరు, టెస్ట్ రిజల్టులు ఉండాలి. బిల్లు ఫోటోలో మీ పేరు, ఫోన్ నంబరు, సీరియల్ చివరి అంకెలు కప్పేయండి.

హన్మకొండ_డెస్క్:

చాలా థ్యాంక్స్ అండీ. సెట్టుగానే ఇస్తాను. ఒక సందేహం: ఇందులో విండోస్ 10 ఉంది. 11 చెక్ చేస్తే ఈ పీసీకి కుదరదని వస్తోంది. 9వ తరానికి సపోర్టు ఉందని విన్నానే?

సాకెట్_1151:

ఉంది. 8వ తరం నుంచీ ఉంది. మీ బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) పీటీటీ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉండుంటుంది, అప్పటి బోర్డుల్లో చాలావాటికి అలాగే వచ్చేది. దాన్ని ఎనేబుల్ చేస్తే విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఫీచర్ వస్తుంది. రెండోది, డిస్క్ ఎంబీఆర్‌లో (పాత పార్టిషన్ పద్ధతి) ఉండి, సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే ఆప్షన్) ఆన్‌లో ఉంటే, 11 అడిగే సెక్యూర్ బూట్ రాదు. అమ్మేముందు ఎలాగూ ఫార్మాట్ చేస్తారు కాబట్టి కన్వర్ట్ చేసే తిప్పలు వద్దు. సీఎస్ఎం ఆఫ్ చేసి, విండోస్ 11 పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌లో బూట్ చేసి, ఎస్ఎస్‌డీలోని పార్టిషన్లన్నీ డిలీట్ చేసి ఇన్‌స్టాల్ చేయండి. ఇది తప్పక చేయాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11 నడుస్తున్న పీసీకీ, "కుదరదు" అని చూపించే పీసీకీ కొనేవాడి దృష్టిలో చాలా తేడా. 7వ తరం పీసీల రేటు పడిపోయింది ఈ ఒక్క కారణానికే.

డేటా_కాపలా:

ఫార్మాట్ అన్నారు కదా, మామూలు క్విక్ ఫార్మాట్ సరిపోదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫోటోలు, ఆధార్ స్కాన్‌లు తిరిగొస్తాయి. హార్డ్ డిస్క్‌కి విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో, డిస్క్ మొత్తం తుడిచే "క్లీన్ ఆల్" కొట్టండి, 1 టీబీకి రెండు మూడు గంటలు పడుతుంది. డిస్క్ నంబరు ఎంచుకునే ముందు సైజు చూసి నిర్ధారించుకోండి, బ్యాకప్ డిస్క్‌ ప్లగ్ అయ్యుంటే పీకేయండి. ఎస్ఎస్‌డీకి ఇలా పదేపదే రాయించడం తగదు, తయారీదారు టూల్‌లోనో బయోస్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. టాలీ (అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్) ఉంటే తుడవకముందే లైసెన్స్ సరెండర్ చేయండి, లేకపోతే కొత్త పీసీలో యాక్టివేట్ చేసేటప్పుడు ఇబ్బంది. కొత్త విండోస్ మీద అకౌంట్ పెట్టకుండా మొదటి స్క్రీన్ దగ్గరే ఆపి షట్‌డౌన్ చేయండి.

ఇక డబ్బు. చూడకుండానే "నాకు ఓకే, ఆర్మీలో పనిచేస్తున్నా, మా వాడొచ్చి తీసుకెళ్తాడు, క్యూఆర్ పంపిస్తున్నా స్కాన్ చేయండి" అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయడం అంటే మీరు కట్టడమే. పేమెంట్ స్క్రీన్‌షాట్ గానీ ఎస్ఎంఎస్ గానీ నమ్మకండి, మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ పెరిగాకే సామాను ఇవ్వండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తెల్ల కాగితం మీద పార్టులు, సీరియల్ నంబర్లు, తేదీ, రేటు రాసి ఇద్దరూ సంతకం చేయండి, కొనేవాళ్ల ఐడీ కాపీ ఒకటి తీసుకోండి. మూడు రోజుల టెస్టింగ్ గడువు ఇస్తే నమ్మకం పెరుగుతుంది, కానీ సీరియల్ సరిపోలితేనే వాపసు అని అందులోనే రాయండి.

కొనేవాళ్లు పక్క ఊరి వాళ్లై బస్సు కార్గోలో పంపమంటే గ్రాఫిక్స్ కార్డు విప్పి విడిగా ప్యాక్ చేయండి. స్లాటులో వదిలేస్తే కుదుపులకి ఆ బరువుతో బోర్డు స్లాటు చీలుతుంది. మానిటర్‌కి స్టాండ్ తీసి, స్క్రీన్ మీద థర్మోకోల్ షీటు పెట్టి, నిలువుగానే ఉంచాలని డబ్బా మీద పెద్దక్షరాలతో రాయండి.