అమరావతి నిర్మాణ సామగ్రిని కృష్ణ మీదుగా తేవాలా?

కృష్ణాతీరం:
నాలుగో జాతీయ జలమార్గంలో కృష్ణా నది మీద ముక్త్యాల–విజయవాడ మధ్య 82 కిలోమీటర్ల తొలి దశకు 2017లో శంకుస్థాపన జరిగినప్పుడు, రాజధానికి కావలసిన సామగ్రిని నది మీద చేరవేయడం దాని ముఖ్యోద్దేశాల్లో ఒకటిగా చెప్పారు. ముక్త్యాలకు దగ్గరలోనే జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, అమరావతి నది ఒడ్డునే ఉంది. వెయ్యి టన్నులు మోసే బార్జీ (అడుగు చదునుగా ఉండే సరుకు పడవ) ఒక్కటి నడిస్తే ఇరవై టన్నుల లారీలు యాభై రోడ్డెక్కనక్కరలేదు. ఇంత అనుకూలమైన చోట కూడా సిమెంటంతా రోడ్డు మీదే రావడం నాకు సమంజసంగా తోచదు.

సైటు ఇంజనీరు:
బార్జీ ఎంత మోస్తుందన్నదాని కంటే దానిలోకి సరుకు ఎక్కించి దించడానికి ఎంతవుతుందన్నదే అసలు లెక్క. ఫ్యాక్టరీలో ఎక్కించిన సిమెంటును లారీ నేరుగా సైటు గోడౌను ముందు దించుతుంది. నది మీదైతే ఫ్యాక్టరీ నుంచి రేవుకు ఒక లారీ, రేవు నుంచి సైటుకు మరొకటి, మధ్యలో రెండుసార్లు హమాలీ ఖర్చు. ఈలోగా తడి తగిలిన బస్తా గడ్డకడితే ఆ నష్టం ఎవరిది? పైగా ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు నిండుగా కనబడినా, ఎండాకాలంలో ఎగువన ఇసుక మేటలు తేలతాయి కాబట్టి పూడిక తీస్తూనే ఉండాలి. కృష్ణలో ఇసుక తవ్వకాలపై 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రానికి వంద కోట్ల జరిమానా విధించిన సంగతి మరవలేము. పూడికతీత పేరుతో అదే తవ్వకం మళ్లీ సాగితే పర్యావరణానికి ఒరిగేదేమీ ఉండదు.

కృష్ణాతీరం:
బస్తాల విషయంలో మీ మాట నిజమే, వాటిని లారీలకే వదిలేద్దాం. నేను కోరేది మూసిన ట్యాంకుల్లో గొట్టాల ద్వారా నింపి దించే విడి సిమెంటు, కంకర, తవ్వి తీసిన మట్టి గురించి. లండన్‌లో థేమ్స్ కింద 25 కిలోమీటర్ల మురుగునీటి సొరంగం తవ్వినప్పుడు మట్టిలో చాలా భాగాన్ని బార్జీల మీదే తరలించగలిగారంటే, సొరంగంలోకి దిగడానికి, మట్టి పైకి తీయడానికి తవ్విన నిలువు బావులు నది ఒడ్డున ఉండడం, నదిని వాడాలన్న షరతు అనుమతుల దశలోనే చేరడం రెండూ కారణాలే. ఇక్కడా టెండరులోనే ఆ షరతు పెట్టాలి. పూడిక ఎంత తీశారో, ఆ ఇసుక ఎక్కడికి పోయిందో నెలనెలా బయటపెట్టాలి. పాత డీజిలు ఇంజన్ల పడవలను మాత్రం అనుమతించకూడదు, ఎందుకంటే అవి వదిలే పొగ ఒడ్డున ఉన్న ఊళ్లకే చేరుతుంది.

సైటు ఇంజనీరు:
ఆ షరతులన్నీ ఉంటే కంకర వరకు ఒప్పుకుంటాను. ఎండాకాలం మూడు నెలలూ నది మీద ఆధారపడకుండా ముందే నిల్వ చేసుకునే స్థలం రేవు దగ్గర ఎవరిస్తారో కూడా టెండరులో రాయాలి.