స్కైరిమ్‌లో విల్లు బలం తగ్గించాలా? తగ్గించాల్సింది డ్యామేజ్ కాదంటాను

మల్కాజ్‌గిరి మోడర్:
విల్లంటే నాకు ప్రాణం. 2011 నవంబర్‌లో స్కైరిమ్ అనే వీడియో గేమ్ వచ్చినప్పుడు నేను ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఉన్నా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డ్ కొనుక్కుని మరీ ఆడాను. ఇప్పటికి ఆరుసార్లు కొత్త ఆట మొదలుపెట్టా. ఒకసారి మంత్రగాడిగా, ఒకసారి గొడ్డలి పట్టిన ఓర్క్‌గా. ఎలా మొదలుపెట్టినా ఇరవయ్యో లెవెల్ దాటేసరికి చీకట్లో నక్కి బాణాలు వేస్తూనే ఉంటాను. మొన్న ఆదివారం మా ఇంట్లో నలుగురం కూర్చుంటే ఇదే వాదన. ముగ్గురూ "బాణం డ్యామేజ్ (దెబ్బ బలం) సగానికి కోసెయ్" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాను, తప్పుంటే చెప్పండి.

దాక్కుని కొడితే విల్లుకి మామూలుగా రెండింతల డ్యామేజ్, డెడ్లీ ఎయిమ్ అనే పెర్క్ (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు శక్తి) తీసుకుంటే మూడింతలు. అదే బాకుకి అసాసిన్స్ బ్లేడ్ పెర్క్ ఉంటే పదిహేను ఇంతలు! బలమే కారణమైతే అందరం బాకులే పట్టాలి కదా. పట్టట్లేదు. దూరంగా ఉంటే ప్రాణభయం లేదు కాబట్టే విల్లు పడుతున్నాం. పక్కవాడు బాణం తగిలి కూలినా, కాపలావాడు కాసేపు వెతికి, ఎవరూ లేరనుకుని మళ్లీ తన చోటుకి పోయి నిలబడతాడు. అసలు జబ్బు అక్కడుంది.

ఇంకో మాట. ఆటలో అన్నిటికన్నా కష్టమైన లెజెండరీ డిఫికల్టీలో మన దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుంది, శత్రువు దెబ్బ మూడింతలవుతుంది. అంటే డ్యామేజ్ కోత ఎలా ఉంటుందో ఆటే చూపించింది. దానివల్ల విల్లు వదిలేశామా? ఎదురుగా నిలబడితే రెండు దెబ్బలకే పోతాం కాబట్టి ఇంకా ఎక్కువగా నక్కాం.

రెండు కత్తులు:
అన్నా, లెక్క సరిగ్గానే ఉంది కానీ సగమే చెప్పావు. బాకు వాడేవాడు శత్రువు వీపు దాకా నడిచి వెళ్లాలి, దారిలో దొరికిపోతే అంతే. ఆ పదిహేను ఇంతలు ఆ రిస్క్‌కి ఇచ్చే కూలి. మరి విల్లుకి ఏ రిస్క్ ఉందని మూడింతలు? బాణం బలం పెంచే ఓవర్‌డ్రా పెర్క్ ఐదు ర్యాంకులూ తీసుకుంటే మామూలు డ్యామేజ్ ముందే రెట్టింపు. అంటే చాటు నుంచి వేసే మొదటి బాణం ఆరింతలు.

పైగా దొరికిపోయాక కూడా విల్లే గెలుస్తుంది. పవర్ షాట్ పెర్క్‌తో సగం బాణాలకి శత్రువు తూలిపోతాడు, క్విక్ షాట్‌తో నారి 30 శాతం వేగంగా లాగొచ్చు, బుల్స్‌ఐతో 15 శాతం బాణాలకి మనిషి కొయ్యబారిపోతాడు. నేను కత్తులతో మూడు వందల గంటలు ఆడాను. కత్తులకీ ఇలాంటి వరాలున్నాయి కానీ, వాటికి శత్రువు దగ్గరికి వెళ్లాల్సిందే. కోత పడాల్సిందే.

ఉప్పల్ విలుకాడు:
నేను మూడేళ్లుగా నిజం విల్లుతో, ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లుతో ప్రాక్టీస్ చేస్తున్నాను. మీ ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. నా విల్లు నలభై పౌండ్లు, అంటే నారి పూర్తిగా లాగినప్పుడు వేళ్ల మీద సుమారు 18 కిలోల బరువు. నాలుగైదు సెకన్లు దాటితే భుజం వణుకుతుంది, గురి చెదురుతుంది. పోటీల్లో మ్యాచ్ అయితే బాణానికి 20 సెకన్లే ఇస్తారు. 70 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో మన బొమ్మదేవర ధీరజ్ షూటాఫ్‌లో (స్కోరు సమమైతే వేసే ఆఖరి బాణం) పది కొట్టి కూడా ఓడిపోయాడు. ఎదుటివాడి బాణం నడిబొడ్డుకి ఇంకొంచెం దగ్గరగా పడింది, అంతే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

స్కైరిమ్‌లో నారి లాగి ఎంతసేపైనా నిలబడొచ్చు, స్టామినా (ఆటలో మన ఓపిక కొలత) చుక్క తగ్గదు. ఈగిల్ ఐ పెర్క్‌తో జూమ్ చేస్తేనే తగ్గుతుంది. నారి పట్టుకున్నందుకే స్టామినా తగ్గాలి, అది అయిపోతే గురి ఊగాలి. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనే ఇంకో గేమ్‌లో గాల్లో ఉండి విల్లు ఎక్కుపెడితే కాలం నెమ్మదిస్తుంది, కానీ స్టామినా కరిగిపోతూ ఉంటుంది. విల్లు కూడా విరిగిపోతుంది. అయినా అక్కడ బాణం వేయడం ఎంత హాయిగా ఉంటుందో! ఖర్చు పెట్టి కొట్టిన దెబ్బ కాబట్టే ఆ హాయి.

నల్లకుంట:
ఇది ఒక్కరు ఆడుకునే ఆట. ఎవరికీ అన్యాయం జరగట్లేదు. నేను ఆఫీసు నుంచి తొమ్మిదింటికి వచ్చి ఒక గంట ఆడతాను. ఆ గంటలో నాకు టెన్షన్ వద్దు, చీకట్లో నెమ్మదిగా ఒక్కొక్కరినీ కొట్టుకుంటూ పోవడమే నాకు విశ్రాంతి. నచ్చనివాళ్లు విల్లు పక్కన పెట్టండి, నా విల్లు జోలికి రాకండి.

చీకటి మంత్రగాడు:
నల్లకుంట గారూ, మీ గంట మీదే అండి, దాన్ని ఎవరూ లాక్కోరు. కానీ ఆట ఒక దారినే మరీ నున్నగా చేస్తే మిగతా దారుల్లో గడ్డి మొలుస్తుంది. నా మంత్రగాడు అలాగే మూలపడ్డాడు.

చాటు నుంచి బాణం అనగానే నాకు వాలి వధే గుర్తొస్తుంది. అది ధర్మమా కాదా అనే వాదన మన ఇళ్లలో ఇప్పటికీ తెగలేదు. నేను చూసేది వేరే సంగతి. చెట్టు చాటున ఉన్నా రాముడికి పని సులువు కాలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకేలా ఉండటంతో మొదటిసారి బాణమే వేయలేకపోయాడు, సుగ్రీవుడు దెబ్బలు తిని పారిపోయి వచ్చాడు. తర్వాత మెడలో గజపుష్పి మాల వేసి మళ్లీ పంపాల్సి వచ్చింది. చాటు దెబ్బకి ఎర కావాలి, గుర్తు కావాలి, ఒకసారి తప్పిపోయే అవకాశం కూడా ఉండాలి. ఆటలో వీటిలో ఒక్కటీ లేదు.

మల్కాజ్‌గిరి మోడర్:
రెండు కత్తులు తమ్ముడూ, పవర్ షాట్ సంగతి ఒప్పుకుంటున్నా. నేను నక్కి ఆడటం గురించే ఆలోచించాను, ఎదురుపడ్డాక ఏమవుతుందో చూడలేదు. సగం బాణాలకి తూలడం ఎక్కువే.

రెండు రాత్రులు కూర్చుని స్కైరిమ్‌ని మార్చుకునే క్రియేషన్ కిట్ సాఫ్ట్‌వేర్‌తో చిన్న మోడ్ (ఆటలో మనం చేసుకునే మార్పు) చేశాను. డ్యామేజ్ ముట్టుకోలేదు. శత్రువులు వెతికే సమయం నాలుగింతలు చేశా, పవర్ షాట్‌ని 20 శాతానికి దించా. ఉప్పల్ అన్న చెప్పినట్టు నారి లాగి ఉంచితే స్టామినా తగ్గేలా చేశా. ఆటలోని బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధి బయట బందిపోట్ల మీద మొదటి బాణం వేశాను. ఒకడు పడ్డాడు. మిగతావాళ్లు వెతుకుతూ నేను దాక్కున్న రాయి దాకా వచ్చేశారు. చాలా ఏళ్ల తర్వాత విల్లు పట్టుకుని పరిగెత్తాను. బ్రహ్మాండంగా ఉంది!

రెండు కత్తులు:
పరిగెత్తావు సరే, బతికావా? బతికితే డ్యామేజ్ ఇంకా ఎక్కువుందనే నా మాట. ఫైల్ పంపు అన్నా, ఓవర్‌డ్రా ఒక్కటి సగం చేసి అదే చోట నేనూ ఆడి చూస్తాను.