ఫ్లోరెన్స్ పాత నగరంలో హోటల్: అమ్మ మోకాళ్లతో కుదురుతుందా?

ప్రశ్న: అమ్మతో 4 రాత్రులు ఉండాలి. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. డువోమో (నగరంలోని ప్రధాన చర్చి) దగ్గర ఒక మధ్యరకం హోటల్ నచ్చింది. పాత భవనం, గది రెండో అంతస్తులో. లిఫ్ట్ సంగతి ఎక్కడా రాయలేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: రాయలేదంటే లేదనే అనుకోండి. లిఫ్ట్ ఉందా అని కాదు, వీధి గుమ్మం నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు అని మెయిల్‌లో అడగండి. మేం దిగినచోట లిఫ్ట్ ఉంది, కానీ దాన్ని చేరడానికే 18 మెట్లు! నాన్నగారు రోజూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. పాత కట్టడాల్లో కప్పులు ఎత్తు, అంతస్తుకు మెట్లూ ఎక్కువే.

మరో జవాబు: అద్దె కారు మాత్రం వద్దండీ. అక్కడ జెడ్‌టీఎల్ అని వాహనాలకు ఆంక్షలున్న ప్రాంతం ఉంది. అనుమతి లేకుండా వెళ్తే కెమెరాకు దొరుకుతారు, జరిమానా తర్వాత వస్తుంది. విమానాశ్రయం నుంచి టీ2 ట్రామ్ ఎక్కితే సాంతా మరియా నొవెల్లా రైల్వే స్టేషన్ దగ్గర దిగొచ్చు. తలకింత, రాత్రికింత అని నగర పన్ను కూడా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: అడిగాను. 41 మెట్లు, లిఫ్ట్ లేదు. వదిలేశాను. స్టేషన్ వైపు హోటళ్లు చూస్తున్నా.