స్వర తంత్రి మీద తొలిదశ క్యాన్సర్: రేడియేషనా, లేజరా?

లెక్కల మాస్టారు:
నాకు 58 ఏళ్లు. బడిలో లెక్కలు చెబుతాను. వేసవి సెలవులు అయిపోయినా గొంతు బొంగురు వదలకపోవడంతో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దించి చూస్తే కుడి స్వర తంత్రి మీద తెల్లటి మచ్చ కనిపించింది. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది. దశ టీ1ఏ, అంటే ఒక్క తంత్రికే పరిమితం. తంత్రి బాగానే కదులుతోంది, మెడలో గడ్డలు లేవు.

డాక్టరు రెండు దారులు చూపించారు. దాదాపు ఆరు వారాల రేడియేషన్, లేదా నోటి గుండా లేజర్‌తో ఆ భాగం తీసేయడం. నయమయ్యే అవకాశం రెండింటికీ ఇంచుమించు ఒకటే, పదిమందిలో తొమ్మిది మంది దాకా బయటపడతారు అన్నారు. రెండు వైపులా విలువ సమానమైతే ఇక తేల్చుకునేది దేన్ని బట్టి? నేను పాటలు పాడను. వెనక బెంచీకి వినిపించే గొంతు మిగిలితే చాలు. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

మాజీ అనౌన్సరు:
మాస్టారూ, నాదీ అదే దశ, కాకపోతే ఎడమ తంత్రి. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని కొన్నేళ్లయింది. మైకు ముందు బతికినవాడిని కాబట్టి గొంతు గురించే చెబుతాను.

ముందు మాస్క్ చేస్తారు. వేడినీళ్లలో మెత్తబడిన చిల్లుల ప్లాస్టిక్ పలకను ముఖం మీద పరిచి, ముక్కు, గడ్డం, మెడ చుట్టూ వేళ్లతో అదుముతారు. వెచ్చగా ఉంటుంది. చూస్తుండగానే బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ప్రతి రోజూ ఆ మాస్క్‌తోనే మిమ్మల్ని బల్లకు బిగిస్తారు. యంత్రం తిరిగేటప్పుడు గుటక వేయవద్దంటారు, ఎందుకంటే మింగితే స్వరపేటిక పైకి లేస్తుంది. వద్దన్నారో లేదో నోట్లో ఎక్కడలేని ఉమ్మీ ఊరుతుంది! నొప్పి మాత్రం ఏమీ ఉండదు. బయటికొచ్చాక నుదుటి మీద మాస్క్ గళ్లు కాసేపు అచ్చుపడి ఉండేవి.

మొదటి రెండు వారాలు ఇంతేనా అనిపిస్తుంది. మూడో వారం నుంచి మింగడం కష్టమవుతుంది, మెడ చర్మం ఎర్రబడి మండుతుంది. చివరి వారాల్లో నాకు పెదవులు కదిలేవి, గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. చికిత్స ముగిశాక కూడా వారం పది రోజులు అది ముదిరింది. ఈ సంగతి ముందే తెలియకపోతే మనిషి బెంబేలెత్తిపోతాడు. తర్వాత రెండు మూడు నెలల్లో గొంతు మెల్లగా తిరిగొచ్చింది. ఇప్పుడు ఫోనులో నా గొంతు విన్నవాళ్లెవరూ తేడా గుర్తుపట్టరు. సాయంత్రానికి అలసిపోతుంది, అంతే. గుసగుసగా మాట్లాడితే తంత్రులకు విశ్రాంతి అనుకోకండి, వాటి మీద ఒత్తిడి ఇంకా పెరగవచ్చు. పలకా బలపం దగ్గర పెట్టుకోండి.

రేడియోథెరపీ టెక్నాలజిస్టు:
పై వివరంలో ఎక్కువ భాగం మేం రోజూ చూసేదే. క్యాన్సర్ మెడ గ్రంథులకు పాకేది లింఫు నాళాల గుండా, స్వర తంత్రుల దగ్గర అవి చాలా తక్కువ. అందుకే ఈ దశలో మెడ గ్రంథుల జోలికి వెళ్లకుండా, అయిదారు సెంటీమీటర్ల చదరానికే కిరణాలు ఇస్తారు. లాలాజల గ్రంథులు ఆ పరిధిలోకి రావు కనుక నోరు ఎండిపోయే బాధ పెద్దగా ఉండదు. సాధారణంగా వాడే ఒక పద్ధతిలో రోజుకు 2.25 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 28 సార్లు, మొత్తం 63 గ్రే. మీ మోతాదు మీ డాక్టరే నిర్ణయిస్తారు.

నాగాలు వద్దు. మధ్యలో ఖాళీ దొరికితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. యంత్రం ఆగిపోయి ఒక రోజు పోతే, ఆ లోటు ఎలా పూడుస్తారో నిలదీసి అడగండి. పొగ తాగే అలవాటుంటే ఇవాళే ఆపండి, చికిత్స ఫలితాన్నే దెబ్బతీస్తుంది. ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు.

లేజర్ చేయించుకున్నాను:
అందరూ ఒకే వైపు చెబుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఒక్క పూటలో పని అయిపోయింది. అంతకంటే ముఖ్యం, ఒకచోట పూర్తి మోతాదు రేడియేషన్ ఇచ్చాక మామూలుగా అక్కడే మళ్లీ ఇవ్వరు. క్యాన్సర్ తిరగబెడితే ఆపరేషనే దారి, కొందరికి స్వరపేటిక మొత్తం తీయాల్సి రావచ్చు. లేజర్ ముందు చేయించుకుంటే రేడియేషన్ చేతిలో మిగిలి ఉంటుంది. గొంతు మాత్రం ఎంత లోతుగా కోశారన్న దాన్ని బట్టే. పైపొరతో పోతే బాగుంటుంది, కండరం దాకా వెళితే బొంగురు మిగిలిపోతుంది. నాకు కొంచెం మిగిలింది. మచ్చ తంత్రి మధ్యలో ఉందా, రెండు తంత్రులు కలిసే ముందు మూలకు దగ్గరగా ఉందా అని అడగండి.

లెక్కల మాస్టారు:
అడిగాను. ముందు మూలకు బాగా దగ్గరగా ఉందట, లోతుగా కోయాల్సి వస్తుందట. అందుకని రేడియేషన్ వైపే మొగ్గాను. సోమవారం మాస్క్ కొలత. పాఠాలు చెబుతూ నెట్టుకురాగలనా?

మాజీ అనౌన్సరు:
వద్దు మాస్టారూ, సెలవు పెట్టండి. తిరిగి చేరాక కాలరుకు తగిలించుకునే మైకు వాడండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి చికిత్సకు ముందే ఒకసారి వెళ్లి, ఇప్పటి గొంతు రికార్డు చేయించండి. మొదటి ఏడాది నెలకో, రెండు నెలలకో కెమెరా పరీక్ష తప్పదు. థైరాయిడ్ రక్తపరీక్ష కూడా అప్పుడప్పుడు చేయించాలేమో డాక్టరును అడిగి ఉంచుకోండి.