ఊరి సంఘం డబ్బుకి కట్టుదిట్టం ఎలా? పని చేసేది ముగ్గురమే

సోంపేట కార్యదర్శి:
అందరికీ నమస్కారం. సోంపేట దగ్గర మా ఊళ్లో రిజిస్టరైన గ్రామాభివృద్ధి సంఘం ఉంది. వాటర్ ప్లాంటు, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే వంట సామాన్లు, కుర్చీలు, అమ్మవారి సంబరానికి ఇంటింటి చందా, వలస వెళ్లినవాళ్లు పంపే డబ్బు, ఇవీ మా ఆదాయాలు. అన్నీ కలిపి ఏడాదికి 6 లక్షల దాకా తిరుగుతుంది. జీతం ఇచ్చేది ప్లాంటు దగ్గర కూర్చునే కుర్రాడికి మాత్రమే. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ఈ ముగ్గురమే పని చేస్తాం. డబ్బు తీసుకోవడం, పుస్తకం రాయడం, బ్యాంకుకి వెళ్లడం మూడూ కోశాధికారి గారి చేతుల మీదే నడుస్తున్నాయి. ఆయన మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ ఈసారి సర్వసభ్య సమావేశంలో నీళ్ల డబ్బులెంతని ఎవరో అడిగితే గట్టిగా చెప్పలేకపోయాం. ఆయన నొచ్చుకోకుండా, ముగ్గురితోనే నడిచేలా ఏం ఏర్పాటు చేసుకోవచ్చో చెప్పండి.

రాజాం లెక్కలు:
ముందు ఒక్క పని చేయండి. డబ్బు పట్టుకునే మనిషి, పుస్తకం రాసే మనిషి, సరిచూసే మనిషి వేరువేరుగా ఉండాలి. కోశాధికారి డబ్బు తీసుకుని బ్యాంకులో వేస్తారు. క్యాష్ బుక్కు మీరు రాయండి. నెలాఖరున పాస్ బుక్కుతో అధ్యక్షుడు సరిచూస్తారు. ఇది ఆయనకి కూడా రక్ష. మూడు పనులూ ఒక్కరి దగ్గరే ఉంటే, రేపు 500 తేడా వచ్చినా తన తప్పు కాదని చూపించుకోవడానికి ఆయన దగ్గర కాగితం ఉండదు. ఆయనతో ఈ మాటే చెప్పండి, తప్పకుండా ఒప్పుకుంటారు.

రసీదు పుస్తకాలు ప్రెస్సులో నంబర్లు వేయించి కొట్టించండి. పుస్తకానికి 100 రసీదులు, కార్బన్ పెట్టి రెండేసి కాపీలు. ఏ పుస్తకం, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తిరిగిచ్చారు, సంతకం. వీటికి ఒక రిజిస్టరు పెట్టండి. తప్పు రాసిన రసీదుని చింపి పారేయకూడదు, రెండు కాపీలూ పుస్తకంలోనే పిన్ను కొట్టి ఉంచాలి. సంబరం చందాకి ఇద్దరేసి వెళ్లాలి. ఆ రాత్రే అడుగు కాపీల మొత్తం, చేతిలో నగదు, ఫోన్లో వచ్చినది కలిపి చూసి సంతకాలు పెట్టాలి. మర్నాటికి వదిలేస్తే ఎవరి ఇంటి డబ్బు ఎందులో కలిసిందో తేలదు.

వచ్చిన నగదు వచ్చినట్టే బ్యాంకుకి వెళ్లాలి. చందాలోంచే టెంటువాడికి ఇచ్చేసి మిగిలింది జమ చేస్తారు చూడండి, ఊరి సంఘాల్లో లెక్క చెడేది ఎక్కువగా అక్కడే. అటు రాబడి తగ్గుతుంది, ఇటు ఖర్చుకి వోచరు, అంటే రుజువు కాగితం, ఉండదు. చిల్లర ఖర్చులకి విడిగా 3,000 ఇచ్చి ఒక పెట్టెలో పెట్టించండి. పెట్టె ఎప్పుడు తెరిచినా నగదు, వోచర్లు కలిపి 3,000 రావాలి. 2,460 ఖర్చయితే వోచర్లు చూపించి సరిగ్గా 2,460కే చెక్కు తీసుకోవాలి.

బిల్లు చెల్లించగానే దాని మీద ‘చెల్లించడమైనది’ అని ముద్ర కొట్టి, తేదీ, చెక్కు నంబరు రాయండి. లేకపోతే అదే బిల్లు ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తుంది. కూలి పనికి బిల్లు ఉండదు కాబట్టి పేరు, పని, రోజులు, రేటు రాసి సంతకమో వేలిముద్రో తీసుకుని, పక్కన ఒక సాక్షి చేత సంతకం పెట్టించండి. రసీదు మొత్తం 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి.

టెక్కలి నీళ్లు:
ప్లాంటు సంగతి నేను చెప్తాను. నీళ్లకి క్యాను క్యానుకీ రసీదు రాయలేం, అందుకే ఊళ్లలో ఈ లెక్క గాలికి పోతుంది. ఇక్కడ మీకు రసీదు పుస్తకం మీటరే.

మీటరు ఎక్కడ బిగించారో ముందు చూడండి. బోరు నుంచి వచ్చే పైపు మీద ఉంటే పనికిరాదు. నీళ్లని శుద్ధి చేసే పొర (మెంబ్రేను) వదిలేసే ఉప్పునీళ్లు కూడా అందులో కలిసిపోతాయి. శుద్ధి చేసిన నీళ్ల ట్యాంకు దాటాక, క్యాన్లు నింపే కుళాయిల లైను మీద ఉండాలి. ట్యాంకుకి ముందు పెడితే రాత్రి నిండిన ట్యాంకు వల్ల రోజువారీ లెక్క కుదరదు.

పొద్దున్న తెరిచేటప్పుడు 4,81,260, సాయంత్రం మూసేటప్పుడు 4,83,900 అనుకోండి. 2,640 లీటర్లు పోయాయి. క్యాను కడగడానికి, ఒలికిపోయినదానికి నూటికి 4 తీసేస్తే 2,534. 20 లీటర్ల చొప్పున 126 క్యాన్లు. క్యాను 5 రూపాయలైతే 630 రావాలి. కుర్రాడు 620 ఇచ్చినా, 640 ఇచ్చినా గొడవ లేదు. 520 ఇస్తే రోజుకి 110 తక్కువ, నెలకి 3,300. ఒక్క రోజు తేడాకి నిలదీయకండి, వారం మొత్తం చూడండి. నూటికి 4 అన్నది కూడా నా మాట మీద పెట్టుకోవద్దు. ఒక ఆదివారం మీరే దగ్గరుండి 50 క్యాన్లు నింపించి, మీటరు ఎంత తిరిగిందో చూసి మీ ప్లాంటుకి మీరే కట్టుకోండి. 1,040 తిరిగితే 40 లీటర్లు వృథా అన్నమాట.

రీడింగు కుర్రాడొక్కడే రాస్తే ప్రయోజనం లేదు. మూసేటప్పుడు మీటరు ఫోటో తీసి గ్రూపులో పెట్టమనండి. ట్యాంకు కడిగే రోజు ముందు రీడింగు, తర్వాత రీడింగు విడిగా రాయాలి. గుడికి, బడికి ఉచితంగా ఇచ్చే క్యాన్లకి వేరే గడి గీయండి. అది లేకపోతే తేడా వచ్చిన ప్రతిసారీ ‘గుడికిచ్చాం’ అనే మాటే మిగుల్తుంది.

అప్పు క్యాన్లు కూడా పుస్తకంలోకి రావాలి. గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టే పద్ధతి మానెయ్యండి, వాన పడితే బాకీ పోతుంది.

విజయనగరం పాస్‌బుక్కు:
బ్యాంకు వైపు నుంచి కొన్ని మాటలు. ఖాతా సంఘం పేరున, సంఘం పాన్ కార్డుతో ఉండాలి. ముగ్గురిలో ఏ ఇద్దరైనా కలిసి సంతకం చేయాలని తీర్మానం రాసి, నకలు బ్యాంకుకి ఇవ్వండి. ఎవరో ఒకరి సంతకం చాలనే షరతు ఉంటే వెంటనే మార్పించండి.

అంతకన్నా ప్రమాదం ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టి ఉంచడం. అధ్యక్షుడు విశాఖ వెళ్తున్నారని పది చెక్కుల మీద సంతకం చేయించుకుంటే, ఇద్దరి సంతకాల నియమం కాగితం మీదే మిగిలింది. ఎవరి పేరున, ఎంతకి అని రాశాక, బిల్లు పక్కన పెట్టి చూసుకుని మాత్రమే రెండో సంతకం పెట్టాలి. ఊళ్లో లేకపోతే వచ్చేదాకా ఆగండి, లేదా మూడో సంతకం వాడండి.

నెలాఖరు సరిచూపు ఇలా చేయండి. మీ పుస్తకంలో బ్యాంకు నిలవ 79,768. బ్యాంకు 118 ఛార్జీ వేసింది, అది మీరు రాయలేదు. రాస్తే 79,650. మీరిచ్చిన 6,200 చెక్కు ఇంకా బ్యాంకుకి రాలేదు, అది కలిపితే 85,850. మీరు వేసిన 1,500 ఇంకా జమ కాలేదు, తీసేస్తే 84,350. పాస్ బుక్కులోనూ 84,350 ఉంటే సరిపోయినట్టు. ఆ కాగితం మీద తేదీ వేసి, ఇద్దరు సంతకం చేసి ఫైల్లో పెట్టండి. చెక్కు గడువు మూడు నెలలే కాబట్టి, అంతకు మించి రాకుండా ఉండిపోయిన చెక్కు ఉంటే తీసుకున్నవాళ్లని అడగండి.

సోంపేట కార్యదర్శి:
చాలా వివరంగా చెప్పారండీ. మీటరు మాది బోరు పైపు మీదే ఉంది, ఈ వారమే మార్పిస్తాం. ఇంకో రెండు సందేహాలు. వలసవాళ్లు ఇప్పటిదాకా కోశాధికారి గారి సొంత ఫోన్ పే నంబరుకే పంపుతున్నారు. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో ఏమైనా చిక్కు ఉందా? ఇక చిల్లర పెట్టెని ముందు చెప్పకుండా అప్పుడప్పుడు లెక్కపెట్టాలనుకుంటున్నాం, ఆ మాట కోశాధికారి గారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రాజాం లెక్కలు:
సొంత నంబరుకి పంపడం ఇవాళే ఆపించండి. సంఘం ఖాతా మీద క్యూఆర్ కోడ్ తీసుకుని రామమందిరం దగ్గర అంటించండి, గ్రూపులో పెట్టండి. ఇప్పటిదాకా వచ్చినదాన్ని ఆయన స్టేట్‌మెంటు చూసి, పేరు పేరునా రసీదులు రాసి, ఒకే మొత్తంగా సంఘం ఖాతాకి బదిలీ చేయించండి. ఆదాయపన్ను వాళ్లు అడిగితే చిక్కుల్లో పడేది ఆయనే.

గల్ఫ్‌లో ఉన్నా భారత పౌరుడే అయితే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి ఫైల్లో ఉంచుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకండి. ఇంకొకటి, మీకు 80జి (దాతలకి పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే దాతలకి ముందే చెప్పండి, 2,000 దాటి నగదుగా ఇస్తే వాళ్లకి పన్ను మినహాయింపు రాదు.

పెట్టె లెక్కపెట్టడం ఒక మనిషి మీద పెట్టకండి. ‘పెట్టె ఎవరి దగ్గరున్నా, మూడు నెలల్లో రెండుసార్లు చెప్పకుండా లెక్కపెట్టాలి’ అని తీర్మానం రాయండి. ప్లాంటు గల్లాకీ అదే వర్తిస్తుంది. నోట్లు ఆయనే లెక్కపెట్టాలి, మీరు చూడాలి. మీ చేత్తో ముట్టుకోవద్దు. 500వి ఎన్ని, 100వి ఎన్ని అని రాసి ఇద్దరూ సంతకం చేయండి.

నరసన్నపేట షామియానా:
సామాన్ల అద్దె గురించి ఎవరూ చెప్పలేదు. వెళ్లేటప్పుడు డేగిసాలు, గరిటెలు, బకెట్లు, కుర్చీలు ఎన్నెన్నో రాసిన చీటీ మీద తీసుకెళ్లేవాళ్ల సంతకం ఉండాలి. తిరిగొచ్చాక అదే చీటీ మీద పక్క గడిలో లెక్క రాయాలి. పెళ్లి తెల్లారి హడావిడిలో లెక్కపెట్టకుండా గదిలో పడేస్తే పోయిన గరిటెలు సంఘం ఖాతాలోకే వస్తాయి. వాపసు ఇవ్వాల్సిన అడ్వాన్సుని అద్దె రాబడిలో కలపకండి. 2,000 అడ్వాన్సు, 1,400 అద్దె అయితే రాబడి 1,400, వాపసు 600. ఆ 600కి కూడా వోచరు మీద సంతకం తీసుకోవాలి.

కమిటీ మారినప్పుడు అప్పగింత కాగితం రాసుకోండి. లెక్కపెట్టిన నగదు, పాస్ బుక్కు నిలవ, మిగిలిన చెక్కుల నంబర్లు, వాడని రసీదుల నంబర్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, గది తాళాలు. బ్యాంకులో ఉన్న ఫోన్ నంబరు మాత్రం చాలా చోట్ల మర్చిపోతారు. పాత కార్యదర్శి సిమ్ముకే ఓటీపీలు వెళ్తుంటాయి. కొత్త కమిటీ తీర్మానం, కొత్త సంతకాల కార్డుతో పాటు నంబరు మార్పు దరఖాస్తు కూడా అదే రోజు బ్యాంకుకి ఇవ్వండి.